సెప్టిక్ షాక్ ట్రయల్: రాత్రిపూట సమ్మతి సంతకం ఎవరిచేత పెట్టిస్తున్నారు?

కోనసీమ, భీమవరం వైపు ఐసీయూల్లో ట్రయల్స్ నడిపినవాళ్ల సలహా కావాలండి. మాది సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే స్థితి) మీద మందు ట్రయల్. నార్‌అడ్రినలిన్ (బీపీ నిలబెట్టే మందు) మొదలుపెట్టిన 6 గంటల్లోపు రోగిని రాండమైజ్ చేయాలి, అంటే ఏ చికిత్స గుంపులోకో లాటరీలా తేల్చాలి. రోగికి స్పృహ ఉండదు కాబట్టి చట్టబద్ధ ప్రతినిధి సంతకం తప్పదు. చిక్కంతా ఇక్కడే. లంక గ్రామం నుంచి అంబులెన్సులో భార్య ఒక్కతే వస్తుంది, "పెద్దబ్బాయి మస్కట్‌లో ఉన్నాడండి, వాడు చెప్పాలి" అంటుంది. కొడుక్కి వీడియో కాల్‌లో వివరించి, ఆమె చేత సంతకం చేయిస్తే మీ ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌కు అనుమతిచ్చే సంఘం) ఒప్పుకుందా? ఆమెకు చదువు రాకపోతే నిష్పాక్షిక సాక్షి కూడా ఉండాలి. అర్ధరాత్రి ట్రయల్‌తో సంబంధం లేని మనిషిని ఎక్కడ పట్టుకుంటున్నారు? డ్యూటీ నర్సును పెట్టడం సరికాదని నా అభిప్రాయం (ట్రయల్ మందు ఎక్కించేది ఆవిడే మరి).

రోగికి తెలివొచ్చాక మళ్లీ సమ్మతి తీసుకోవాలి. వార్డుకు మార్చాక అది జారిపోతోంది. కేస్ షీట్ మీద రంగు స్టిక్కరు సరిపోతుందా?

ఇంకొకటి. ఆశ వదులుకున్న బంధువులు వెంటిలేటర్ తీయించి ఇంటికి తీసుకుపోతారు. 28వ రోజుకు రోగి బతికి ఉన్నారా లేదా అన్న ఫలితం అప్పుడు ఖాళీగా మిగులుతుంది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం తీవ్ర ప్రతికూల ఘటన (మరణం లాంటిది) జరిగిన 24 గంటల్లో పరిశోధకుడు నివేదించాలి, ఆలస్యమైతే కారణం రాయాలి. ఇంట్లో జరిగిన మరణం వారానికి తెలిస్తే మీరేం రాస్తున్నారు? చేర్చుకునేటప్పుడే రెండు ఫోన్ నంబర్లు తీసుకోవడం కాక, ఆశా కార్యకర్త ద్వారా కనుక్కోవడానికి సమ్మతి పత్రంలో ముందే వాక్యం చేర్చినవాళ్లున్నారా? ఉంటే ఆ వాక్యం యథాతథంగా పెట్టగలరా?