మారుతి 800కి 13 అంగుళాల చక్రాలు వేస్తే కడుపు తగలకుండా ఉంటుందా?

కోనసీమ 800:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం. బండి 1998 మారుతి 800, తెలుపు, కార్బురేటర్, నాలుగు గేర్లు. మా మామగారు కొన్నది, ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇంజిన్‌కి వంక పెట్టేది లేదు. గొడవంతా మా గేటు దగ్గరే.

మా వీధిలో సీసీ రోడ్డు రెండుసార్లు వేశారు, పాతదాని మీదే కొత్తది. ఇల్లేమో ఉన్నచోటే ఉంది. ఇప్పుడు రోడ్డు మా గచ్చుకంటే మూరెడు ఎత్తు. ముందు చక్రాలు ర్యాంపు దిగి, వెనకవి ఇంకా పైనే ఉన్నప్పుడు బండి కడుపు రోడ్డు అంచుకి తగిలి బర్రున గీరుకుంటుంది. ఆ చప్పుడు వినలేక మా ఆవిడ, అత్తగారు రోడ్డు మీదే దిగిపోయి నడిచి లోపలికొస్తున్నారు.

టైర్లు ఎలాగూ మార్చాలి, పక్కలంతా సన్నటి పగుళ్లు. ఇప్పుడున్నవి 145/70 R12. ఈ బండి తయారీ 2014లోనే ఆపేశారు కదా, ఆ సైజు అడిగితే షాపుల వాళ్లు మొహం చూస్తున్నారు. రాజమండ్రిలో ఒకాయన మాత్రం లోపల్నుంచి నాలుగు తెచ్చి, గుడ్డతో తుడిచి ముందు పెట్టాడు. పక్కన చిన్న గడిలో 3419 అని ఉంది. అదేంటని అడిగితే కంపెనీ నంబరన్నాడు. అదే షాపులో 13 అంగుళాల అల్లాయ్‌లు, 155/65 R13 టైర్లు చూపించి, "ఇవి వేస్తే బండి లేస్తుంది సార్, పెద్ద చక్రం కదా" అన్నాడు. నిజంగా లేస్తుందా? స్టీరింగ్ బరువెక్కుతుందా? నాకు సోకు అక్కర్లేదు, గేటు దాటితే చాలు.

వైజాగ్ బుల్లోడు:

అన్నా, 13 ఎందుకు, ఏకంగా 14 వేసెయ్. 165/70 R14. మా ఫ్రెండ్ బండికి వేశాం, లుక్ అదిరింది. ఫెండర్ లోపలి అంచు కాస్త సుత్తితో మడిచి కొట్టించాలి, అంతే.

టైర్ బాబాయ్, ఏలూరు:

బుల్లోడా, ఆ ఫ్రెండ్‌ని బండిలో నలుగురిని ఎక్కించుకుని సింహాచలం కొండ ఎక్కమను, తర్వాత మాట్లాడుకుందాం.

కోనసీమ గారూ, నాకు టైర్ల పనిలో ఇరవై ఏళ్లు దాటిందండి. ముందు ఆ 3419 సంగతి. అది కంపెనీ నంబరు కాదు, టైరు పుట్టినరోజు. 2019లో 34వ వారం. ఆరేళ్లు దాటిన సరుకు. ఎవరూ అడగని సైజు కాబట్టి అటకమీద పడి ఉండుంటుంది. గుడ్డతో తుడిస్తే దుమ్ము పోతుంది గానీ రబ్బరు వయసు పోదు. డిస్కౌంట్ ఇస్తానన్నా తీసుకోకండి.

ఇక పెద్ద చక్రం మాట. బండి లేచేది రిమ్ము సైజుని బట్టి కాదండి, రిమ్మూ టైరూ కలిపి మొత్తం ఎత్తెంతో దాన్ని బట్టి. మీ 145/70 R12 తీసుకోండి. 145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. అందులో 70 శాతం, అంటే 101.5, పక్క గోడ ఎత్తు. అది కిందా పైనా రెండుసార్లు కాబట్టి 203. పన్నెండు అంగుళాల రిమ్ము 304.8. మొత్తం దాదాపు 508 మిల్లీమీటర్లు.

ఆయన చూపించిన 155/65 R13 ఇలాగే కట్టి చూడండి, 532 వస్తుంది. తేడా 24. అందులో సగమే బండిని లేపుతుంది, మిగతా సగం ఇరుసు పైన ఉంటుంది కదా. అంటే మీ అల్లాయ్‌ల ఖర్చంతటికీ వచ్చేది 12 మిల్లీమీటర్లు. అదే 145/80 R12, అంటే ఆల్టో 800 టైరు, మీ పాత రిమ్ముకే ఎక్కిస్తే మొత్తం 537. బండి పద్నాలుగున్నర మిల్లీమీటర్లు లేస్తుంది. చిన్న రిమ్మే ఎక్కువ లేపుతోంది చూశారా. 13 మీద 175/50 లాంటి పలచటి టైరు వేస్తే ఉన్న ఎత్తు కూడా కాస్త తగ్గుతుంది. ఈ లెక్క కౌంటర్ దగ్గర చెప్తే రిమ్ములు అమ్ముడుపోవు లెండి.

145/80 వేస్తే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. ముల్లు 80 దగ్గరుంటే మీరు నిజానికి 84 దాటి వెళ్తుంటారు. పికప్ కూడా ఒక పిసరు తగ్గుతుంది, మీ రోడ్లకి పర్వాలేదు. బుల్లోడు చెప్పిన 14 అయితే ముల్లు 80 అంటే అసలు 92. ఆ 796 సీసీ ఇంజిన్ ఫోర్త్ గేర్‌లో మూలుగుతుంది. పైగా ఫెండర్ మడిచిన చోట పెయింట్ లేచి తుప్పు పడుతుంది, మీది సముద్రం దగ్గర ఊరు.

స్టీరింగ్ సంగతి అడిగారు. మీదానికి పవర్ స్టీరింగ్ లేదు. టైరు వెడల్పైనా, చక్రం బయటికి పొడుచుకొచ్చినా పార్కింగ్‌లో తిప్పేటప్పుడు భుజాలు తెలుస్తాయి. ఆల్టో టైరుకి ఆ బెడద లేదు, వెడల్పు అదే 145.

అమ్మేవాళ్లు ఓమ్ని టైరు అంటగట్టబోతారు, పేరు దగ్గర ఎల్‌టీ అని ఉంటుంది. అది సరుకు బండి టైరు, బిరుసు. మీ తేలిక బండికి వేస్తే ఎగిరెగిరి పడుతుంది. వద్దు.

ఇంకొక్క మాట. 27 ఏళ్ల బండికి అన్నిటికంటే ముందుగా చూడాల్సింది స్ప్రింగులు. చదునైన చోట ఆపి, చక్రం నడిబొడ్డు నుంచి పైన ఫెండర్ అంచుకి టేపు పెట్టి నాలుగు పక్కలా కొలవండి. కుడికీ ఎడమకీ తేడా ఉందంటే గీరుకోవడానికి కారణం టైరు కాదు, కుంగిపోయిన స్ప్రింగు.

బర్మింగ్‌హామ్ మినీ:

బాబాయ్ గారి లెక్క చూసి ఊరుకోలేక రాస్తున్నాను. ఊరు గుడివాడ, ఉంటున్నది ఇంగ్లండ్‌లో, గ్యారేజీలో 1990 మినీ (ఇక్కడి పాతకాలపు బుల్లి కారు) ఉంది. మినీ 1959లో వచ్చినప్పుడు చక్రాలు పదంగుళాలే. 1984లో ముందు చక్రాల డిస్క్ బ్రేకులు పెద్దవి చేశారు, అవి పట్టడానికి 12 చేశారు. అప్పుడు వేసిన టైరు సైజు ఏంటో తెలుసా? 145/70 R12. అచ్చం మన 800దే.

నేను కొనేనాటికి దీనికి 13 అంగుళాల రిమ్ముల మీద 175/50 ఉన్నాయి. ఫొటోలో బాగుండేది. నడిపితే ప్రతి మ్యాన్‌హోల్ మూతా నడుముకి తెలిసేది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకునేది. ఏడాది ఓపిక పట్టి 12కి దిగాను. బండికి ప్రాణం లేచొచ్చింది.

టైరు ఒకటే కదా అని ఎవరైనా మినీ రిమ్ములు 800కి చూసేరు! బోల్టులు కూర్చునే వృత్తం అడ్డకొలత దీనికి 101.6 మిల్లీమీటర్లు, 800కి 114.3. ఎక్కవు.

కోనసీమ 800:

బాబాయ్ గారూ, టేపు పెట్టాను. ముందు రెండూ సమానం. వెనక ఎడమ వైపు 18 మిల్లీమీటర్లు తక్కువ! అత్తగారు కూర్చునేది ఆ పక్కే. ఆవిడకి మాత్రం చెప్పలేదు.

టైర్ బాబాయ్, ఏలూరు:

చెప్పకండి. వెనక స్ప్రింగులు జతగా మార్పించండి, ఒక్కటే మారిస్తే మళ్లీ వంకరే. టైర్లు ఎక్కించే ముందు రిమ్ము అంచు తుప్పు గీకించి, పెయింట్ వేయించండి. ట్యూబ్‌లెస్‌కి ఆ తుప్పులోంచి గాలి దిగుతుంది. స్టెప్నీకీ ఇదే సైజు తీసుకోండి, ముందు చక్రాల్లో ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయితే బండి పక్కకి లాగుతుంది. గాలి మాన్యువల్‌లో ఎంతుంటే అంతే. బంకులో కుర్రాళ్లు అడక్కుండానే 35 కొట్టేస్తారు, పక్కనే నిలబడండి. ఎక్కించాక స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, ఎక్కడా రాసుకోవట్లేదని చూసుకుని అప్పుడు డబ్బులివ్వండి.

కోనసీమ 800:

మూడు వారాలకి మళ్లీ వచ్చాను. 145/80 R12 అయిదు తీసుకున్నాను, ఈసారి తేదీ నేనే చదివాను, నాలుగు నెలల క్రితంవి. వెనక స్ప్రింగుల జత మార్చాం. ఫెండర్‌కి ఎక్కడా తగలట్లేదు.

గేటు దగ్గర ఒంటరిగా వస్తే చప్పుడే లేదు. నలుగురం ఉంటే ఇంకా చిన్నగా తగులుతోంది. ర్యాంపు చూడమని మేస్త్రీని పిలిస్తే, బండి చుట్టూ ఒక రౌండ్ కొట్టి, "టైర్లకి అంత పెట్టారా అండీ, ఈ పైఅంచు కాస్త చెక్కి, వాలు రెండడుగులు సాగదీస్తే పోయేదిగా" అన్నాడు. రెండు బస్తాల సిమెంటు చెప్పాడు. ఆదివారం పని. అప్పటిదాకా అత్తగారు నడిచే వస్తున్నారు.

వైజాగ్ బుల్లోడు:

అన్నా, పాత రిమ్ములకి ఏ కలర్ వేయించావు? ఫొటో పెట్టు.

కోనసీమ 800:

వెండి రంగే తమ్ముడూ, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే. ఆదివారం సిమెంటు పని అయ్యాక పెడతాను, ఆయ్.