ఓవరీలు తీసేసినాక ఆ ఆశే పోయింది, ఇది మామూలేనా?

రేగడినేల, అనంతపురం:
నాకు 39. ఐదు నెల్ల కింద గర్భసంచితో పాటు రెండు ఓవరీలూ తీసేసినారు, గడ్డలుండె, క్యాన్సర్ కాదని రిపోర్ట్ వచ్చింది. "పిల్లలు అయిపోయినారు కదా, ఇంక వాటితో పనేముంది" అనింది డాక్టరమ్మ, తర్వాత ఏమవుతాదో ఒక్క ముక్క చెప్పలా. పది రోజులకే మొదలు, ఉన్నట్టుండి ఎదలో నుంచి మొహం దాకా సెగ ఎక్కుతాది, రాత్రి రెండుకు లేచి తడిసిన దిండు తిరగేసుకుని పండుకుంటాండా. మా అత్తేమో మన ఎండలకు అందరికీ అంతే అంటాది, డిసెంబర్లో ఎండేంది అత్తా అంటే వినదు. అదన్నా ఓర్చుకుంటా గానీ ఆయనతో కలవాలనే ఆశే లేదు, కలిస్తే పొడిబారి ఒకటే మంట. ఆయన అడిగేది కూడా మానేసినాడు. అందరూ మనసులో పెట్టుకున్నావ్ అంటాండారు, నిజంగా మనసుదేనా?

కడపక్క:
కాదు చెల్లీ. నాకు 41లో తీసినారు. వయసుతో ముట్లాగేది బోర్లో నీళ్ళు ఏటేటా తగ్గినట్టు, మనది మోటరే పీకేసినట్టు. ఓవరీలు పోతే తగ్గేది ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒకటే కాదు, మగ హార్మోన్ అంటారే టెస్టోస్టెరాన్, అది ఆడోళ్ళకూ ఉంటాది, అందులో దగ్గర దగ్గర సగం ఓవరీల వల్లనే అంట, అది పడిపోతే ఆశ యాడుంటాది. పొడిబారకుండా కలిసేముందు పూసుకునే జెల్ అడగాలంటే సిగ్గేసి మెడికల్ షాపు ముందర రెండుసార్లు నిలబడి వెనక్కొచ్చినా, చివరికి మా ఆయన్నే పంపిస్తి. తర్వాత లోపల పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీం రాసిచ్చినారు. మంట పోయినాకే కొంచెం ఆశ వచ్చింది, మునుపట్లాగే అని మాత్రం అబద్ధం చెప్పను.

నైట్‌డ్యూటీ, కర్నూలు:
నర్సుని. డిశ్చార్జి కాగితంలో బీఎస్ఓ అని ఉందేమో చూడండి, అంటే రెండు ఓవరీలూ ట్యూబులూ తీసేసినట్టు. ఇంత చిన్న వయసులో తీసేస్తే, వేరే అడ్డం లేకపోతే ముట్లు మామూలుగా ఆగే వయసు దాకా హార్మోన్ ఇస్తారు, సెగలకే కాదు ఎముకలకు కూడా. మీకు గర్భసంచి లేదు కాబట్టి మామూలుగా ఈస్ట్రోజెన్ ఒకటే చాలు, ఉన్నోళ్ళకు ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ కూడా కలపాల. రొమ్ము క్యాన్సర్, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం లాంటివి ఎప్పుడన్నా ఉండింటే ముందే చెప్పండి. ఎవరో చెప్పినారని మగవాళ్ళ టెస్టోస్టెరాన్ జెల్ మాత్రం పూసుకోవద్దు తల్లీ, డోసు ఎక్కువై గొంతు బొంగురుపోతే మళ్ళీ రాకపోవచ్చు.

ఒక మొగుడు, గుత్తి:
మా ఇంట్లోనూ ఇదే. నేను అడిగేది మానేసింది కోపంతో కాదక్కా, నొప్పి పెడతానని భయం. ఆమేమో నేను వద్దనుకున్నా అనుకునింది. నోరు తెరిచి మాట్లాడుకునేదానికి ఏడు నెలలు పట్టింది మాకు.

రేగడినేల:
బీరువాలో చీరల కింద పెట్టింటి, తీసి చూస్తే బీఎస్ఓ అనే ఉంది. సోమవారం పోతాం, ఈసారి వేరే డాక్టర్ దగ్గరికి. ఆయనా వస్తాడంట, లోపలికి రాడంట, బయట బెంచీ మీద కూచుంటాడంట. సరే, అదైనా.