గిటార్ పైపలక లోపలి ఎక్స్ కూడలిలో సందు: చెక్క పట్టీ సరిపోతుందా?

మహబూబ్‌నగర్‌లో ఇంట్లోనే తయారు చేస్తున్న అకౌస్టిక్ గిటార్‌కు, పైపలక లోపలి వైపు 8 మిల్లీమీటర్ల మందం, 15 మిల్లీమీటర్ల ఎత్తు గల రెండు స్ప్రూస్ (గిటార్లకు వాడే తేలికపాటి కలప) బద్దలను సగం ఎత్తు వరకు గాడి కోసి, ఎక్స్ ఆకారంలో ఒకదానిలో ఒకటి కూర్చి, కలపకు వాడే తెల్ల జిగురుతో అతికించి, 24 గంటలు క్లాంపుల కింద ఉంచాను. బద్దలు పలకకు గట్టిగానే అంటుకున్నాయి. కూడలిలో మాత్రం, గాడి పైకి తెరుచుకున్న బద్దకు ఒక పక్క పోస్టుకార్డు దూరేంత సందు ఏర్పడి, వేలితో తడితే చిటచిటమంటోంది. గదిలో తేమ 30 శాతం దగ్గర ఉంటోంది (పాలమూరు వేసవి సంగతి తెలిసిందే). రంపపు పొట్టు కలిపిన జిగురు ఆరాక పగిలింది. నూలు గుడ్డ పట్టీ శబ్దాన్ని ఆపలేదు. వెనుక పలక ఇంకా మూయలేదు. సందులో పలుచని స్ప్రూస్ చీలికను దూర్చి, ఆ బద్ద పొడవునే నార సాగేలా పైన చెక్క పట్టీ అతికిస్తే తీగల లాగుడుకు కూడలి నిలుస్తుందా, లేక బద్దను తీసి కొత్తది వేయవలసిందేనా?