బెల్టు షాపు మీద కుర్రాళ్ల నిఘా: పెట్టాలా, వద్దా?

యువజన సంఘం సభ్యుడు, సూర్యాపేట జిల్లా:

మా ఊళ్లో తొమ్మిది, పది చదివే పిల్లలు బీరు తాగుతున్నారు. వైన్స్ మండల కేంద్రంలోనే ఉంది, కానీ ఊళ్లో కిరాణా కొట్లలో, ఇళ్లలో ఫ్రిజ్‌లు పెట్టుకుని అమ్మే బెల్టు షాపులున్నాయి. ఎమ్మార్పీ మీద ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువిస్తే ఎవరికైనా ఇస్తారు. చీకటి పడితే పిల్లలు చెరువు కట్ట కింద చేరతారు. మందు కూల్ డ్రింక్ సీసాలో కలుపుకుంటారు, దూరం నుంచి చూస్తే ఎవరికీ అనుమానం రాదు.

మా సంఘంలో అందరం పాతికేళ్ల లోపు వాళ్లమే. రాత్రిళ్లు వంతులు వేసుకుని షాపుల దగ్గర నిలబడదాం, పిల్లలకు అమ్మితే వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడదాం అని సగం మంది అంటున్నారు. అది మన పని కాదని మిగతావాళ్లు. మీరేమంటారు?

ఎక్సైజ్‌లో చేసి రిటైరైన ఉద్యోగి, ఖమ్మం:

వద్దు తమ్ముడూ. బెల్టు షాపుకు సరుకు లైసెన్సు దుకాణం నుంచే వస్తుంది. 2023లో తెలంగాణలో 2620 దుకాణాలకు లక్షకు పైగా దరఖాస్తులొచ్చాయి. అప్పుడు ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. అంత డబ్బు పెట్టినవాడు అమ్మకం తగ్గితే చూస్తూ ఊరుకుంటాడా? మీ మీద దౌర్జన్యం కేసు పెట్టిస్తాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేరయ్యే కుర్రాడు మీలో ఒక్కడైనా ఉంటాడు కదా, వాడి సంగతేంటి? ఫిర్యాదు రాసివ్వండి, తర్వాత పని శాఖ చూసుకుంటుంది.

హైస్కూలు టీచరు, నెల్లూరు జిల్లా:

సార్, శాఖే చూసుకునేదైతే ఈ తమ్ముడు ఇక్కడ అడిగేవాడు కాదు. 1992లో మా జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఎవరి అనుమతీ అడగలేదు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ సారా గురించి మాట్లాడుకున్నారు, ఊళ్లో దుకాణం మూయించారు. అక్కణ్ణించి ఊరూరా పాకి, జిల్లాలో సారా వేలంపాటలే జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో తెచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. ఆ ఆడవాళ్లకు ముందు నిలిచిన రోసమ్మగారి వెనకాల ఏ పార్టీ ఉందని దుకాణం మూతపడింది?

కాబట్టి కుర్రాళ్లు కదలాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ వీడియో మాత్రం వద్దే వద్దు. మా బడిలో ఒక పిల్లవాడు తాగి పడిపోతే ఎవరో ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. మర్నాడు వాడు బడికి రాలేదు. ఇంటికి వెళితే వాళ్లమ్మ తలుపు సగమే తీసి మాట్లాడింది. పది పరీక్షలు రాయకుండానే రొయ్యల గుంటల కాపలాకు వెళ్లిపోయాడు. ఫోటో తీసినవాళ్లు మంచి పనే చేశామనుకున్నారు. వాడికి మందు అమ్మిన మనిషి ఫోటో మాత్రం ఏ గ్రూపులోనూ రాలేదు, ఆ కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. ఇది తలుచుకుంటే నాకు కడుపు మండిపోతుంది.

ఇంకో మాట. ‘పిల్లలకు అమ్మొద్దు’ అని బెల్టు షాపువాణ్ణి అడగడమంటే పెద్దవాళ్లకు అమ్ముకోవచ్చని ఒప్పుకున్నట్టే. రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు లైసెన్సు ఉన్న దుకాణం కూడా అమ్మకూడదు. లైసెన్సే లేనివాడితో వయసు గురించి బేరమేమిటి? షాపే ఉండకూడదని అడగండి.

గృహిణి, కరీంనగర్ జిల్లా:

అందరూ షాపు దగ్గరే ఆగిపోయారు. మా దిక్కు పండుగ రోజు ఇంట్లో పెద్దవాళ్లే పిల్లలకు గ్లాసులో ఇంత కల్లు పోసిస్తారు, ఏమీ కాదులే అని. తండ్రి మంచం మీద కూర్చుని ‘పోయి క్వార్టర్ పట్టుకురారా’ అని కొడుకును పంపిస్తాడు. ఆ పిల్లవాడికి ఏ బ్రాండు ఎంతో, ఎవరింట్లో అరువిస్తారో అన్నీ తెలుసు. తమ్ముడూ, మీ సంఘంవాళ్లు ఆ తండ్రిని అడగగలరా? నిమజ్జనం నాడు చందా డబ్బుతో మందు తెప్పించుకునే సంఘాలను కూడా చూశాను. అలాంటివాళ్లు నీతులు చెబితే ఏ పిల్లవాడు వింటాడు?

లా విద్యార్థి, వరంగల్:

అక్క చెప్పినదానికి చట్టం ఉంది. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం డాక్టరు చెబితే తప్ప 18 ఏళ్ల లోపు పిల్లలకు మందు ఇచ్చినా, ఇప్పించినా 7 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. మందు అమ్మడానికి, మోయడానికి పిల్లల్ని వాడుకుంటే 78వ సెక్షన్, శిక్ష అంతే. ఫిర్యాదులో ఈ సెక్షన్లు రాయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

ప్రజారోగ్యం చదువుతున్న విద్యార్థిని, హైదరాబాద్:

జైలు భయం ఒక్కటే చాలదన్నా. ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో అంతకు ముందు నెలలో మత్తెక్కేదాకా తాగినవాళ్లు 42 శాతం. 2016కి అది 5 శాతానికి పడిపోయింది. వాళ్లు ఉపన్యాసాలను నమ్ముకోలేదు. సాయంత్రాలు పిల్లలకు ఆటలు, సంగీతం ఏర్పాటు చేశారు, వాటికి ప్రభుత్వమే డబ్బిచ్చింది. తల్లిదండ్రులు రాత్రిళ్లు గుంపుగా వీధుల్లో తిరిగేవారు, పిల్లల్ని పట్టుకోవడానికి కాదు, ఇంటికి పంపడానికి. అది చిన్న దేశం, డబ్బున్న దేశం, నిజమే. కానీ మీ ఊళ్లో ఆరు నుంచి తొమ్మిది దాకా పదో తరగతి పిల్లవాడు ఎక్కడికి వెళ్లాలి? చెరువు కట్ట తప్ప ఇంకేముంది?

యువజన సంఘం సభ్యుడు, సూర్యాపేట జిల్లా:

నిజమే అక్కా, ఏమీ లేదు. 2022లో పెట్టిన క్రీడా ప్రాంగణం బోర్డు ఉంది, దాని చుట్టూ తుమ్మ చెట్లు పెరిగాయి. ఈ ఆదివారం వాటిని కొట్టేసి వాలీబాల్ నెట్ కట్టి లైటు వేస్తాం. వీడియోల మాట వదిలేస్తున్నాం. ఈసారి వినాయకుడి చందా లెక్క రోజూ మండపం దగ్గర రాసి పెడతాం. షాపుల ముందు నిలబడాలా వద్దా అన్నది మాత్రం మాలో ఇంకా తేలలేదు. నేనైతే నిలబడాలనే అంటాను, మహిళా సంఘాలవాళ్లను ముందు పెట్టుకుని. రిటైరైన సార్, మీరన్న ఫిర్యాదును గ్రామసభ తీర్మానంగా ఎలా రాయాలో చెప్పగలరా?

ఎక్సైజ్‌లో చేసి రిటైరైన ఉద్యోగి, ఖమ్మం:

చెబుతాను. ‘మా ఊళ్లో మద్యం అమ్ముతున్నారు’ అని గుండుగుత్తగా రాస్తే ఎవరూ కదలరు. ఏ వీధి, ఏ కొట్టు, ఏ వేళ అన్నది రాయండి. మహిళా సంఘాల సంతకాలు ఎక్కువ ఉండేలా చూడండి. ఒక కాపీ ఎక్సైజ్ స్టేషన్‌లో, ఒకటి ఎమ్మార్వో ఆఫీసులో, ఒకటి కలెక్టరు ప్రజావాణిలో ఇచ్చి ప్రతి చోటా ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. నిలబడడం గురించి నా అభిప్రాయం మారలేదు. మీరు నిలబడాలనే అనుకుంటే ఆ స్టాంపులన్నీ చేతికొచ్చాకే నిలబడండి, పిల్లల మీద మాత్రం చెయ్యి వేయొద్దు.