జర్మనీలో పెళ్లి నమోదు: జనన ధ్రువపత్రం, ఎస్సెస్సీ మెమో, పాస్‌పోర్టులలో మూడు రకాల పేర్లు

తెనాలి_ప్రసన్న:
అందరికీ నమస్కారం. నేను ష్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జర్మన్ పౌరుడైన నా స్నేహితుడితో ఇక్కడే వివాహం నమోదు చేసుకోవాలని నిశ్చయించుకున్నాము. నా జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయి గాని, బిడ్డ పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉంది. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరుకు బదులు పొడి అక్షరాలతో ‘కె.వి. లక్ష్మీ ప్రసన్న’ అని ఉంది. పాస్‌పోర్టులో ఆ అక్షరాలను విప్పి, పేరంతా ‘గివెన్ నేమ్’ గడిలో రాసి, ‘సర్‌నేమ్’ గడిని వదిలేశారు. గెజిట్‌లో ప్రకటన ఇచ్చి అన్నిటినీ ఒకేసారి సరిచేయించుకోమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఇటువంటి పరిస్థితిని దాటి వచ్చినవారు ఏది ముందు, ఏది వెనుక చేశారో దయచేసి తెలియజేయండి.

మెయిన్‌నది_మూర్తి:
ప్రసన్న గారూ, గెజిట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. గెజిట్ ప్రకటన మీ పేరు ఫలానా తేదీ నుంచి మారిందని చెబుతుందే తప్ప, పుట్టినప్పుడు మీ పేరు ఏమిటో చెప్పదు. ఇక్కడి జనన, వివాహ నమోదు కార్యాలయం, అంటే స్టాండెసామ్ట్, అడిగేది ఆ రెండో సంగతినే.

పెళ్లి చేసుకోవడానికి అభ్యంతరం లేదని స్వదేశం ఇచ్చే పత్రాన్ని జర్మనీ విదేశీయుల నుంచి కోరుతుంది. భారతదేశం అటువంటి పత్రం ఇవ్వదు కాబట్టి, మన దరఖాస్తును ఆ ప్రాంతపు ఉన్నత న్యాయస్థానానికి పంపి మినహాయింపు తీసుకుంటారు. ఆ మినహాయింపు 6 నెలలే చెల్లుతుంది. దానికన్నా ముందు మన కాగితాలు పరిశీలనకు వెళ్తాయి. అపోస్టిల్ అంటే ఒక దేశపు పత్రం అసలైనదేనని మరో దేశం ఒప్పుకునేందుకు వేసే ముద్ర. భారత్ 2005లో ఆ అపోస్టిల్ ఒప్పందంలో చేరినా జర్మనీ అందుకు అభ్యంతరం తెలిపినందువల్ల, మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర ఇక్కడ పనికిరాదు. దానికి బదులుగా భారత్‌లోని జర్మన్ దౌత్య కార్యాలయం తాను నమ్మిన న్యాయవాదిని పంపించి, మున్సిపాలిటీ రిజిస్టరును, బడి రికార్డును, ఒక్కోసారి ఇరుగుపొరుగును కూడా విచారిస్తుంది. దీనికి నెలలు పడుతుంది. ఏజెంట్లు అపోస్టిల్‌కు డబ్బు కట్టించుకునేటప్పుడు ఈ మాట చెప్పరు.

కాబట్టి మీరు ముందు చేయవలసినది జనన ధ్రువపత్రంలో పేరు చేర్పించడం.

కరీంనగర్_కోడలు:
మూర్తి గారు చెప్పిన విచారణ గురించి ఒక మాట. మా వారి కాగితాల పరిశీలనకు వచ్చిన వ్యక్తి మా అత్తవారి వీధిలోకి వెళ్లి, పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు చదివి, ఆ అబ్బాయి ఇల్లు ఎక్కడని అడిగాడట. వీధి మొత్తానికీ ఆయన ‘చిన్నా’యే. ఎదురింటి పెద్దాయన ఏమాత్రం తడుముకోకుండా, ఆ పేరుగల మనిషి ఈ వీధిలో ఎన్నడూ లేడని చెప్పి పంపించేశాడు. అదృష్టం బాగుండి మా అత్తగారు వాకిట్లోనే ఉన్నారు గనుక సరిపోయింది. కాగితాలు పంపిన వెంటనే ఇంట్లోవాళ్లకు, పక్కింటివాళ్లకు పాస్‌పోర్టు పేరు, పుట్టిన తేదీ, చదివిన బడి చెప్పి ఉంచండి.

రాజమండ్రి_వకీలు:
జనన ధ్రువపత్రంలో పేరు చేర్చడం వేరు, ఉన్న పేరును సవరించడం వేరు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 14వ సెక్షన్ మొదటిదానికి, 15వ సెక్షన్ రెండోదానికి వర్తిస్తాయి. పుట్టుక నమోదై, పేరు గడి మాత్రమే ఖాళీగా ఉన్నవారు 14వ సెక్షన్ కింద అడగాలి. నియమాల ప్రకారం నమోదైన 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్చవచ్చు. ఆ గడువు దాటినవారికి ప్రభుత్వాలు అప్పుడప్పుడూ పొడిగింపులు ఇచ్చాయి గనుక, ప్రసన్న గారి నాన్నగారు స్వయంగా రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి ప్రస్తుత పరిస్థితి కనుక్కోవడం మంచిది.

పుట్టుకే నమోదు కాని వారి సంగతి ఇంకా పెద్దది. వారు ముందు రికార్డు లేదన్న ‘నాన్ అవైలబిలిటీ’ పత్రం తీసుకుని, ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్య నమోదు చేయించుకోవాలి. అయితే నిన్నగాక మొన్న పుట్టిన జనన ధ్రువపత్రాన్ని జర్మన్ అధికారులు అనుమానంగానే చూస్తారు గనుక, దానికి తోడు బడిలో చేరిననాటి అడ్మిషన్ రిజిస్టరు నకలు జతపరచడం అవసరం.

చేర్చేటప్పుడు ఏ పేరు రాయించాలన్నదే అసలు ప్రశ్న. పొడి అక్షరాలు వద్దు. పాస్‌పోర్టులో ఉన్న అక్షరక్రమాన్నే, ఒక్క అక్షరం తేడా రాకుండా రాయించండి. లక్ష్మి ఇంగ్లీషులో రెండు విధాలుగా, శ్రీనివాస్ మూడు విధాలుగా కనిపించే మన కాగితాలలో ఇది మాటల్లో చెప్పినంత సులువు కాదు. దరఖాస్తుకు పాస్‌పోర్టు నకలు జతచేసి, కంప్యూటరు ముందు కూర్చున్నవారితో తెర మీద చూపించమని అడగండి.

విజయవాడ_షేక్:
మాది టెక్సాస్. ఇక్కడ కౌంటీ క్లర్కు పాస్‌పోర్టు చూసి మ్యారేజ్ లైసెన్సు ఇచ్చారు. 72 గంటలు ఆగి, 90 రోజుల లోపు నిఖా చేసుకున్నాము. అక్కడితో పేర్ల గొడవ లేదనుకుంటే పొరపాటు. గ్రీన్ కార్డు దరఖాస్తులో జనన ధ్రువపత్రం అడిగినప్పుడు, మా ఇంటి కాగితాలలో ‘షేక్’ ఒకచోట పూర్తిగా, మరొకచోట ‘ఎస్‌కె’ అని, ఇంకొకచోట పేరుకు చివరన ఉన్న సంగతి పైకి వచ్చింది. ఇక్కడి ఫారాలలో ‘ఇంతకుముందు వాడిన ఇతర పేర్లు’ అన్న గడి ఉంటుంది. అన్ని రూపాలనూ అందులో రాసి, ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివని అమ్మానాన్నల చేత అఫిడవిట్ రాయించి పెట్టాము. ఈ దేశంలో దానితో సరిపోయింది.

మెయిన్‌నది_మూర్తి:
షేక్ గారూ, జర్మనీలో ఆ అఫిడవిట్ ఒక్కదానితో పని జరగదు. నోటరీ ముద్ర ఉన్న కాగితాన్ని ఇక్కడి అధికారి పక్కన పెట్టి, అసలు రిజిస్టరులో ఏముందని అడుగుతారు.

ఆర్హుస్_తెలుగోడు:
ఈ తలనొప్పి లేకుండా డెన్మార్కులో పెళ్లి చేసుకోవచ్చు. కుటుంబ వ్యవహారాల సంస్థ ఇచ్చే అనుమతి పత్రం 4 నెలలు చెల్లుతుంది. అది చేతికి రాగానే ఏ మున్సిపాలిటీలోనైనా పెళ్లి జరిపిస్తారు. వారు ముఖ్యంగా చూసేది పాస్‌పోర్టు, నివాస అనుమతి, ఇదివరకు పెళ్లి కాలేదన్న రుజువు. జర్మనీలో ఉన్న మనవాళ్లు ఎందరో ఇటే వస్తున్నారు.

కరీంనగర్_కోడలు:
తమ్ముడూ, అది నిజమే గాని పూర్తి నిజం కాదు. మా చెల్లెలు అలాగే చేసుకుంది. జర్మనీలో బిడ్డ పుట్టినప్పుడు అక్కడి స్టాండెసామ్ట్ మళ్లీ తల్లిదండ్రుల జనన ధ్రువపత్రాలే అడిగింది. అవి సరిగా లేకపోతే పూర్తి ధ్రువపత్రానికి బదులు, తల్లిదండ్రుల గుర్తింపు నిరూపణ కాలేదన్న వ్యాఖ్యతో రిజిస్టరు నకలు చేతిలో పెడతారు. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని తెనాలి మున్సిపాలిటీకి ఫోన్లు చేయడం కంటే, ఆ పని ఇప్పుడే ముగించుకోవడం నయం కాదా?

తెనాలి_ప్రసన్న:
చాలా ఉపకారం చేశారు. రెండు సందేహాలు మిగిలాయి. ఖాళీగా ఉన్న సర్‌నేమ్ గడిని పెళ్లికి ముందు నింపించాలా, తరువాతా? జనన ధ్రువపత్రంలో అమ్మ పేరు ఆమె పుట్టింటి ఇంటిపేరుతో, నా పాస్‌పోర్టులో నాన్నగారి ఇంటిపేరుతో ఉండడం అడ్డమవుతుందా? ఇక్కడి మన కాన్సులేట్‌లో పెళ్లి చేసుకుంటే ఇవేవీ అడగరని కూడా ఒకరు అన్నారు.

రాజమండ్రి_వకీలు:
చివరిది ముందు చెబుతాను. 1969 విదేశీ వివాహ చట్టం కింద మన దౌత్య కార్యాలయాలలో పెళ్లికి అవకాశం ఉన్నా, వధూవరులలో ఒకరు జర్మన్ పౌరులైతే ఆ దేశంలో అటువంటి పెళ్లి చెల్లదు. మీకు ఆ దారి లేదు.

అమ్మగారి ఇంటిపేరు తేడా మన దగ్గర సర్వసాధారణం గనుక, దానికోసం జనన ధ్రువపత్రాన్ని కదిలించకండి. ఆమె వివాహ ధ్రువపత్రం ఉంటే అది ఒక్కటే రెండు పేర్లనూ కలుపుతుంది. మీ తల్లిదండ్రుల పెళ్లి నమోదు కాకపోతే, ఇప్పుడైనా సబ్ రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించమనండి.

మెయిన్‌నది_మూర్తి:
సర్‌నేమ్ గడి పెళ్లి దరఖాస్తుకు ముందే నింపించుకోండి. పరిశీలన నడుస్తుండగా పాస్‌పోర్టు మారితే, ఫైలులో ఒక పేరు, చేతిలో మరో పేరు అవుతుంది. ముందుగా కాన్సులేట్‌లో దరఖాస్తు చేసి, కొత్త పాస్‌పోర్టు రాగానే నివాస అనుమతి, ఉద్యోగ ఒప్పందం, బ్యాంకు ఖాతా వరుసగా మార్పించండి. గడి ఖాళీగా ఉంచితే వచ్చే చిక్కు పెళ్లితో పోదు. పాస్‌పోర్టులో ఒకే ఒక్క మాట పేరుగా ఉన్నవారిని విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ ప్రకటించింది. దుబాయి మీదుగా ఇంటికి వెళ్తూ అక్కడ నాలుగు రోజులు ఆగుదామనుకునే మన కుటుంబాలకు అది చిన్న సంగతి కాదు.

పెళ్లి తరువాత భర్త ఇంటిపేరు తీసుకోవాలన్న నిర్బంధం ఇక్కడ లేదు. స్టాండెసామ్ట్‌లో అడిగినప్పుడు ఎవరి పేరు వారికే ఉంచమని చెబితే, పాస్‌పోర్టు ఇంకోసారి మార్చవలసిన పని పడదు.

తెనాలి_ప్రసన్న:
నాన్నగారు సోమవారం మున్సిపాలిటీకి వెళ్తున్నారు. పాస్‌పోర్టు అపాయింట్‌మెంట్ కోసం నేను ఈ రాత్రే చూస్తాను. రిజిస్ట్రారు 14వ సెక్షన్ కింద ఒప్పుకున్నారో లేదో ఇక్కడే రాస్తాను.