యుద్ధం వద్దనే పాట మనకు ఉందా?

మూసీ ఒడ్డు (నల్గొండ): రాత్రి మా వాట్సాప్ గ్రూపులో పెద్ద లొల్లి. ఒకతను వియత్నాం యుద్ధం రోజుల్లో ఇంగ్లిష్ గాయకుడు జాన్ లెనన్ పాడిన శాంతి పాట ‘గివ్ పీస్ ఎ ఛాన్స్’ పెట్టి, ఇలాంటిది మన దగ్గర ఒక్కటి చూపించండి అన్నాడు. ఇంకొకతను వెంటనే ‘బండెనక బండి’ పెట్టాడు. నాకు ఆ జవాబు తప్పనిపించింది. బండి యాదగిరి పాట నైజాం సర్కారును ‘కొడుకో’ అని పిలిచి, గోల్కొండ ఖిల్లా కింద గోరీ కడతామంటుంది. అది కొట్లాటకు పిలిచే పాట. ధిక్కారం వేరు, యుద్ధం వద్దనడం వేరు కదా?

పాలమూరు పిలగాడు: అన్నా, రజాకార్లు ఊళ్ల మీద పడుతుంటే శాంతి పాట పాడాలా? అమెరికా వాళ్లకు యుద్ధం ఎక్కడో వియత్నాంలో. మనకు వాకిట్లోకి వచ్చింది.

మూసీ ఒడ్డు: పాడమనలేదు తమ్మీ. పాడినదానికి సరైన పేరు పెట్టమంటున్నా.

దేవరకొండ పంతులు: పాటలో వెతికితే దొరకదు, ఇంటికొచ్చే కాగితంలో వెతకండి. అమెరికాలో 1973 దాకా నిర్బంధ సైనిక సేవ ఉంది. ఎవరిని ముందు సైన్యంలోకి పిలవాలో తేల్చడానికి 1969 డిసెంబర్ 1న పుట్టినరోజులకు లాటరీ తీశారు. మొదట వచ్చిన తేదీ సెప్టెంబర్ 14. ఆ రోజు పుట్టిన పిల్లాడి ఇంట్లో ఎంత టెన్షనో ఊహించండి. సరిగ్గా అంతకు ముందు నెలే వాషింగ్టన్‌లో లక్షల మంది లెనన్ పాట అందుకున్నారు. అదే ఏడాది వచ్చిన ‘ఫార్చునేట్ సన్’ పాట పెద్దింటి కొడుకులు తప్పించుకుంటున్నారని తిట్టిపోసింది. మన దగ్గర సైన్యం అంటే కొలువు. 2022 జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్‌లో మన పిల్లలు రైలు తగలబెట్టింది నాలుగేళ్ల అగ్నిపథ్ మాకొద్దని, పూర్తి ఉద్యోగం కావాలని. అక్కడి పిల్లలు తగలబెట్టింది డ్రాఫ్ట్ కార్డులు, అంటే నిర్బంధ సేవకు పేరు నమోదైన కార్డులు. ఇక ఆ పాట ఇక్కడెట్లా పుడుతుంది?

సూర్యాపేట వాసి: 2020లో గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్ బాబు గారిది మా ఊరే. కరోనా భయం ఉన్నా జనం రోడ్ల మీదికొచ్చి పూలు చల్లారు. ఆ రోజు ఎవరైనా యుద్ధం వద్దని పాడి ఉంటే నేనే గొడవకు పోయేవాణ్ణి. ఇప్పుడైతే పోను.

పాలమూరు పిలగాడు: సరే పంతులుగారూ, లక్షల మంది పాడారు. ఆగిందా? పారిస్ ఒప్పందం 1973 జనవరిలో. పైగా అదే దేశంలో 1966లో సైనికులను పొగిడే ‘గ్రీన్ బెరెట్స్’ పాట అక్కడి హిట్ పాటల లిస్టులో ఐదు వారాలు నంబర్ వన్!

దేవరకొండ పంతులు: మంచి పాయింట్ బాబూ. కానీ 1970లో అదే లిస్టులో, యుద్ధం దేనికీ పనికిరాదన్న ఎడ్విన్ స్టార్ ‘వార్’ నంబర్ వన్. నాలుగేళ్లలో వినేవాళ్లు మారారు. పాట మార్చిందని నేననను. ఊళ్లకు వచ్చిన శవపెట్టెలు మార్చాయి.

మూసీ ఒడ్డు: మా వైపు 1948 పోలీసు చర్యతో కూడా అయిపోలేదు, 1951 దాకా తుపాకులు మోగాయి. తాత ఆ ముచ్చట్లు హుషారుగా చెప్పేవాడు. ఎవరైనా ‘బండెనక బండి’ ఎత్తుకుంటే నానమ్మ మాత్రం లేచి లోపలికి పోయేది. ఎందుకని మేమెవరం అడగలేదు.

పాలమూరు పిలగాడు: ఆమె పాడేవేమైనా గుర్తున్నాయా అన్నా?

మూసీ ఒడ్డు: నాట్లప్పుడు పాడేవి రెండు. మా మేనత్తకు పూర్తిగా వస్తాయి. ఆదివారం ఊరికి పోతున్నా, రికార్డు చేసి పెడతా.