మారుతి 800 బోరు చేయించాక పికప్ పోయింది, గువ్వలచెరువు ఘాట్ సెకండ్ గేర్‌లోనే ఎక్కుతోంది

కడప_800:
అన్నా, మాది 1997 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. ఆయిల్ తాగుతోందని, వెనక నీలం పొగ వస్తోందని ఇంజన్ దింపించి బోరు చేయించాం, అంటే అరిగిన సిలిండర్లను లోపల కోయించి కొంచెం పెద్దవి చేయించాం. ఓవర్‌సైజ్ పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి, హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు చెక్కి చదును చేయడం), వాల్వ్ గ్రైండింగ్ అయ్యాయి, టైమింగ్ బెల్టు కూడా మార్చారు. ఇప్పుడు పొగ లేదు, సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగ్‌లో మిస్సింగ్ కూడా లేదు. కానీ లాగడం లేదు. టౌన్‌లో తెలియదు గానీ రాయచోటి రోడ్డెక్కితే అసలు సంగతి బయటపడుతుంది, ముందు పొగ కొడుతూనే థర్డ్‌లో ఎక్కిన ఘాట్ ఇప్పుడు సెకండ్‌లో మూలుగుతూ ఎక్కుతోంది, టెంపరేచర్ ముల్లు కూడా మామూలు కన్నా పైన ఉంటోంది. ఫ్లాట్ రోడ్డు మీద 60 దాటాలంటే చాలా సేపు తొక్కి పట్టాలి. మెకానిక్‌ను అడిగితే "కొత్త రింగులు టైట్‌గా ఉంటాయి, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఫ్రీ అవుతుంది, అంతదాకా 40 దాటొద్దు" అంటున్నాడు. నిజమేనా? ఇంత ఖర్చు పెట్టాక ఇదేం టెన్షన్.

అనంతపురం_పాతబండ్లు:
రింగులు కూర్చోవడానికి టైమ్ పడుతుంది, అది నిజమే. కొంచెం బిగువుగా అనిపిస్తుంది. కానీ థర్డ్‌లో ఎక్కే బండి సెకండ్‌కు పడిపోయేంత తేడా రింగుల వల్ల రాదు. 40 దాటొద్దనే మాట కూడా నాకు నచ్చదు. మెల్లగా ఒకే స్పీడులో తిప్పితే రింగులు బోరుకు సరిగా పట్టవు, లోడ్ మారుతూ ఉండాలి, కొంచెం తొక్కడం, వదలడం. లాగి లాగి వేడెక్కించకు, అంతే.

ముందు పైసా ఖర్చు లేనివి చూడు. ఒకరిని లోపల కూర్చోబెట్టి యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కమను, బానెట్ ఎత్తి కార్బురేటర్ దగ్గర థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందా చూడు. ఇంజన్ దింపి ఎక్కించినప్పుడు కేబుల్ లూజుగా తగిలిస్తే సగమే తెరుచుకుంటుంది. కొద్ది దూరం నడిపి ఆపాక నాలుగు చక్రాల డ్రమ్ములు, డిస్కుల దగ్గర తాకకుండా చెయ్యి పెట్టి చూడు, ఏదైనా బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోంది. ఘాట్‌లో ఇంజన్ సౌండ్ పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇవేవీ కాకపోతే ఇంజన్‌లోకి పోదాం.

కర్నూలు_కార్బ్:
కార్బురేటర్ మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) చూడండి. ఇప్పుడు బంకుల్లో ఇస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అసలు పెట్రోలుకు గాలి 14.7 వంతులు కావాలి, ఈ మిశ్రమానికి 13.5 చాలు, అంటే అదే జెట్‌తో గాలి ఎక్కువై మిక్స్చర్ పలచబడుతుంది. 1997లో ఈ పెట్రోలు ఎవరు ఊహించారు! పలచబడితే పికప్ తగ్గుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, మీరు చెప్పిన రెండూ అవే. ఫ్యూయల్ పంపు డయాఫ్రం, రబ్బరు గొట్టాలు కూడా పాతవైతే ఉబ్బుతాయి.

అనంతపురం_పాతబండ్లు:
@కర్నూలు_కార్బ్ కాదనను, కానీ బోరుకు ముందు రోజు కూడా ఆయన బండి అదే బంకు పెట్రోలు తాగింది కదా. అప్పుడు థర్డ్‌లో ఎక్కింది. మారింది పెట్రోలు కాదు, ఇంజన్.

తమ్ముడూ, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూపించు. ఇంజన్ వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ విప్పాలి, కాయిల్ వైరు తీసేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. తొక్కకపోతే గాలి లోపలికి పోదు, రీడింగ్ ఉత్తుత్తిదే వస్తుంది. చాలామంది అక్కడే దెబ్బతింటారు. మూడింటిలో ఒకటి తక్కువైతే వాల్వో రింగో. మూడూ సమానంగా తక్కువైతే వేరే కథ.

ఇంకొకటి, ప్లగ్గులకు స్పార్కు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కింద బోల్టు ఉన్న పొడుగు రంధ్రం చూడు. బోల్టు మధ్యలో ఉందా, ఒక చివరకు పోయి ఉందా?

కడప_800:
అన్నా, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోంది, బ్రేకులు, క్లచ్ బాగానే ఉన్నాయి. వేరే గ్యారేజీలో గేజ్ పెట్టించా. 120, 118, 122 psi వచ్చింది. ఒకదాంట్లో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూశారు, పెద్దగా పెరగలేదు. డిస్ట్రిబ్యూటర్ బోల్టు మీరన్నట్టే ఒక కొసకు పోయి ఉంది, ఇంక తిప్పడానికి చోటు లేదు. ఇదెలా కనిపెట్టారు?

అనంతపురం_పాతబండ్లు:
మూడూ ఒకేలా ఉన్నాయంటే బోరు పని బాగానే చేశారు. ఆయిల్ పోసినా పెరగలేదు కాబట్టి రింగుల తప్పు కాదు. మూడు సిలిండర్ల వాల్వులూ ఒకేసారి ఒకే మోతాదులో లీకవ్వవు. ఇక మిగిలింది టైమింగ్ బెల్టు, ఒక పన్ను తప్పి ఉంటుంది. వాల్వులను తెరిచి మూసే క్యామ్‌ను ఆ బెల్టే క్రాంక్‌తో కలిపి తిప్పుతుంది. క్యామ్ ఆలస్యంగా తిరిగితే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, పిస్టన్ పైకొచ్చేటప్పుడు లోపలికి వచ్చిన గాలిని కొంత వెనక్కి తోసేస్తుంది. అందుకే మూడింటిలోనూ కంప్రెషన్ పడిపోయింది.

డిస్ట్రిబ్యూటర్ సంగతి అడిగింది కూడా అందుకే. ఈ బండిలో డిస్ట్రిబ్యూటర్ క్యామ్‌తోనే తిరుగుతుంది. క్యామ్ వెనకబడితే స్పార్కు కూడా వెనకబడుతుంది. మెకానిక్ టైమింగ్ లైటు పెట్టకుండా చెవితో విని, ఐడ్లింగ్ బాగా వచ్చేదాకా దాన్ని తిప్పి ఉంటాడు. స్పార్కు సర్దుకుంది, వాల్వులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఐడ్లింగ్ అంత బాగుండి లోడ్ మీద లాగకపోవడానికి కారణం అదే.

బెల్టు కవర్ విప్పించి క్యామ్, క్రాంక్ చక్రాల మీది గుర్తులు కలుస్తున్నాయా చూడు. హెడ్ ఫేసింగ్ వల్ల కూడా క్యామ్ కొంచెం వెనకబడుతుంది కానీ అది చాలా స్వల్పం, పన్ను తేడా అంత ఉండదు. మళ్లీ బిగించేటప్పుడు టెన్షనర్ బోల్టు లూజుగా ఉంచి క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, వదులు పోయాక బోల్టు టైట్ చేసి, మళ్లీ గుర్తులు చూడాలి. చాలాచోట్ల ఈ రెండు చుట్లు తిప్పరు, బెల్టు వేసేటప్పుడు గుర్తులు కలిసినట్టే ఉంటాయి, స్టార్ట్ చేశాక తప్పుతాయి.

కర్నూలు_కార్బ్:
మంచి పాయింట్ అన్నా. బెల్టు సరిచేశాక ఇగ్నిషన్ టైమింగ్ లైటుతోనే పెట్టించండి, వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి. డిస్ట్రిబ్యూటర్ లోపల స్పీడును బట్టి స్పార్కును ముందుకు జరిపే అడ్వాన్స్ వెయిట్లు తుప్పు పట్టాయేమో కూడా ఒకసారి చూడండి, రోటర్‌ను వేలితో తిప్పి వదిలితే దానంతట అదే వెనక్కి రావాలి.

కడప_800:
విప్పించాం. క్యామ్ గుర్తు సరిగ్గా ఒక పన్ను పక్కన ఉంది. మొదట చేసిన మెకానిక్ కూడా వచ్చి చూశాడు, ఏం మాట్లాడలేదు, మళ్లీ బిగించినందుకు డబ్బులూ తీసుకోలేదు. ఇప్పుడు కంప్రెషన్ మూడింటిలోనూ 165 పైన, డిస్ట్రిబ్యూటర్ బోల్టు మధ్యకొచ్చింది. నిన్న ఘాట్ థర్డ్‌లో ఎక్కింది, ఇద్దరం ఉన్నాం, ఏసీ లేదు. ముల్లు మాత్రం ఇంకా కొంచెం పైనే ఉంది, అంతకు ముందంత కాదు. కర్నూలు అన్నా, మెయిన్ జెట్ ఒక సైజు పెంచమంటారా, లేక రేడియేటర్ కడిగించాక చూడమంటారా?

కర్నూలు_కార్బ్:
ముందు రేడియేటర్, థర్మోస్టాట్. కడప ఎండలో ముల్లు కొంచెం లేవడం మామూలే. ఒక వంద కిలోమీటర్లు తిప్పి ప్లగ్గులు విప్పి ఫోటో పెట్టండి, లోపలి పింగాణీ తెల్లగా ఉంటే మిక్స్చర్ పలచన అన్నట్టు, అప్పుడు జెట్ మాట్లాడుకుందాం.